ప్లాసిదా ఎడమ చెంప

ప్లాసిదా కల్యిసాయాకు కొండమీది మా ఊరు ఎల్ ఆల్టోలో మంచి పేరు తెచ్చింది ఆమె కాచే జావ. పొగరుబోతు అన్న పేరు తెచ్చింది ఆమె ఎడమ చెంప. మొదటి పేరు సంపాదించుకోవడానికి సగం జీవితం పట్టింది. రెండోది ఒక్క వానాకాలంలో వచ్చి కూర్చుంది. ఆమె పొయ్యి పక్కనే పొయ్యి పెట్టుకుని ఇన్నేళ్ళుగా పూరీలు వేస్తున్నదాన్ని నేను. కాబట్టి ఆ రెండు పేర్ల సంగతీ నేను చెబితేనే బాగుంటుంది. ఉల్లిపాయల బాసిలియా చెబితే అది ఇంకోలా ఉంటుంది.

మా మూల కేబుల్ కార్ల స్టేషన్ కింద ఉంది. కింద లోయలోని నగరం లా పాజ్‌కి పనికి దిగే జనమంతా చీకటి విడకముందే మా ముందునుంచి పోవాలి. ప్లాసిదా కుండలో ఊదారంగు మొక్కజొన్న జావ దాల్చినచెక్కతో, లవంగాలతో కుతకుతలాడుతుంటుంది. నా మూకుట్లో చీజు కూరిన పూరీ పొంగుతుంటుంది. ఆ రెండూ కడుపులో పడితేనే మావాళ్ళకు తెల్లవారినట్టు. ఆమె జావ లేకపోతే నా పూరీ ఎవరికీ గొంతు దిగదు. అందుకే మేమిద్దరం ఎంత పోట్లాడుకున్నా మరుసటి పొద్దుకు మళ్ళీ మాట్లాడుకోక తప్పదు.

ఆమె పుట్టింది సరస్సు ఒడ్డున ఒక పల్లెలో. గొర్రెలు కాసి, చేపలెండబెట్టి, ఒకనాడు బంగాళాదుంపల లారీ ఎక్కి ఇక్కడికి వచ్చింది. కింద ఊళ్ళో దొరసానుల ఇళ్ళలో అంట్లు తోమింది. పండుగ నాట్యాల వేషాలు కుట్టే సెవేరోని పెళ్ళాడింది. సెవేరో మంచివాడు. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి మాటలు తక్కువ. ఇద్దరి మాటలూ ప్లాసిదాయే మాట్లాడేది. జావకు వచ్చిన వాళ్ళనెవరినీ ఆమె ఊరికే పంపేది కాదు. కుండ మీదుగా వంగి, ముసలివాళ్ళైనా మేస్త్రీలైనా చెంపకు చెంప ఆనించి, “ఏం నాయనా, మోకాలెలా ఉంది? మీ కోడలు నీళ్ళాడిందా?” అని అడిగి గానీ గ్లాసు చేతికిచ్చేది కాదు. చలికి గడ్డకట్టిన మొహాలతో వచ్చినవాళ్ళు జావ కోసం వచ్చేవాళ్ళా, ఆ వెచ్చటి చెంప కోసం వచ్చేవాళ్ళా అని నాకెప్పుడూ అనుమానమే.

అలాంటి మనిషిని మా వాడ చర్చి మాత పండుగకు పెద్దగా నిలబడమనడంలో వింతేముంది? ఏటా ఒక జంట నిలబడుతుంది. బ్యాండు మేళం, భోజనాలు, బీరు, పూజ అన్నీ ఆ జంట నెత్తినే. బంధువులూ స్నేహితులూ తలా ఒకటి అందిస్తారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు వీళ్ళు తిరిగి ఇస్తారు. ఆ రోజున వాడంతా వరస కట్టి వచ్చి, పెద్దల నెత్తిన రంగు కాగితాల ముక్కలు చల్లి, కౌగిలించుకుని, చెంపకు చెంప ఆనించి దీవిస్తుంది. అందులో ఒక్కరి చెంప కాదంటే ఆ దీవెన కాదన్నట్టే, ఆ మనిషిని కాదన్నట్టే. జులై పండుగ చివర పాత పెద్దలు తమ పెద్దరికపు పట్టీ తీసి, వచ్చే ఏటి పండుగకని ప్లాసిదా భుజాన వేసినప్పుడు ఆమె ఏడ్చింది. సెవేరో కూడా ఏడ్చాడు, ఆ రోజు నోట్లో సూదులు లేవు.

పండుగ పెద్దకు పై వరసలో బంగారు పన్ను లేకపోతే ఎలా? మా దగ్గర అది నగ లాంటిదే. ముందుపంటి చుట్టూ బంగారు రేకు తొడిగి, మధ్యలో నక్షత్రమో గుండెకాయో ఆకారంలో కిటికీ కోస్తారు. ప్లాసిదా ఎడమ కోరపంటికి నక్షత్రం కావాలంది. కట్టుడుపళ్ళు చేసే దంతాల మెకానిక్ దోన్ ఫ్లోరియాన్ పన్ను అరగదీసి రేకు తొడిగాడు. వారం తిరక్కుండా దాని వెనకున్న పంటి చిగురు వాచింది. ఆయన సూది వేసి ఆ పన్ను పీకాడు. అది ముక్కలై, బలవంతంగా వచ్చింది. పుండు మానింది, వాపు తగ్గింది, నొప్పి మాత్రం పోలేదు. అప్పుడు ఇంకో పన్ను పీకాడు. దోన్ ఫ్లోరియాన్ చెడ్డవాడు కాడు, ఆయనకు తెలిసిన మందు పటకారు ఒక్కటే.

ఆ నొప్పి పంటినొప్పిలా ఉండేది కాదు. గాలి రివ్వున తగిలితే చాలు, శాలువా అంచు రాసుకుంటే చాలు, ముక్కు పక్కనుంచి చెవిదాకా కరెంటు కొట్టినట్టు పాకేది. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయేది. కళ్ళలో నీళ్ళు. క్షణంలో పోయేది, పోయాక మంట మిగిలేది, మంట చల్లారేలోగా మళ్ళీ వచ్చేది. మేమంతా చెప్పింది ఒకటే మాట: వేడి కుండ ముందు నిలబడి చల్లగాలికి మొహం తిప్పింది, గాలి సోకింది. నేను కోకా ఆకు నమిలి తడిచేసి ఆమె కణత మీద అతికించాను. తలనొప్పికి మా అమ్మ అదే చేసేది. అది ఎండాక తీయబోతే ప్లాసిదా పెట్టిన కేకకు కేబుల్ కారు వరసలో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగారు.

“చంపుతావే నన్ను!” అంది పళ్ళు బిగబట్టి.

“ఆకే కదే, కత్తి కాదు.”

“నాకు కత్తే అనిపించింది, తోమసా.”

అదే నెలలో బాసిలియా వచ్చింది. ఉల్లిపాయలు కొనడానికి లోయల్లోకి పోయి చాలా రోజుల తర్వాత తిరిగి వచ్చింది. ప్లాసిదా కూతురికి జ్ఞానస్నానం నాడు ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతల్లి ఆమె. పండుగకు బ్యాండు మేళం తన వంతు అని మాట ఇచ్చింది కూడా ఆమే. “వదినా!” అని దూరం నుంచే రెండు చేతులూ చాపి, పావడాల బరువుతో ఊగుతూ వచ్చింది. ఆ ఉల్లిపాయల శాలువా, ఆ గరుకు చెంప ఎడమవైపుకే వస్తున్నాయి. ప్లాసిదా ఒక అడుగు వెనక్కి వేసి, అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. బాసిలియా చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

“ఏంటి, నా దగ్గర కంపు కొడుతోందా?”

“అయ్యో, కాదు వదినా. కుండ పొంగుతోంది, చూసుకోవాలి...”

“కుండ చల్లగానే ఉంది. పొంగుతోంది ఎవరో నాకు కనబడుతోందిలే.” బాసిలియా చేతులు దించి శాలువా సర్దుకుంది. “నోట్లో బంగారం మెరిశాక ఉల్లిపాయలమ్ముకునేవాళ్ళ చెంపలు ఆనతాయేంటి? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోరు బంగారమైంది, ఊరు చేదైంది!”

ఆ మాట మధ్యాహ్నానికల్లా సంతంతా తిరిగింది. అప్పటికే ప్లాసిదా కొందరికి చెంప ఇవ్వడం మానేసి, గ్లాసు చేతికిచ్చి తల ఊపి ఊరుకుంటోంది. ఒక్కొక్కరూ లెక్క చూసుకున్నారు: అవును, నన్నూ పలకరించలేదు, మా అత్తనీ పలకరించలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు, వీళ్ళందరి మీదా.

“నొప్పి అని చెప్పొచ్చు కదే!” అన్నాను.

“చెబితే ఏమవుతుందో నీకు తెలీదా? మాతకి ఈవిడ నచ్చలేదు, అందుకే మొహం మీద కొట్టింది అంటారు. పట్టీ వేరేవాళ్ళకి ఇప్పించేస్తారు. పొగరనుకుంటే అనుకోనీ. పొగరున్నా పండుగ చేయనిస్తారు.”

“ఆ రోజు వందలమంది చెంపలేసుకొస్తారు. అప్పుడేం చేస్తావ్?”

ఆమె కుండలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. ఆ రోజే నాకు అర్థమైంది, ఆమె రాత్రీ పగలూ భయపడుతున్నది నొప్పికి కాదు, ఆ వరసకు. అందరి ముందూ ఒక్క చెంపకు కేక పెట్టినా, ఒక్కరిని తోసేసినా, వాడ ఆమెను జన్మలో క్షమించదు.

మే నెలలో ఒక పొద్దున పొయ్యి ఆర్పేసి, “రా, దోన్ ఫ్లోరియాన్ దగ్గరికి పోదాం. బంగారు పన్నే పీకించేస్తా,” అంది.

“నక్షత్రాన్నా?”

“ఇదే మొదలుపెట్టింది, ఇదే పోతే అన్నీ పోతాయి.”

ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టుందని నేనన్నాను. వినలేదు. ఇద్దరం వెళ్ళాం. మెకానిక్ తలుపుకు తాళం. పక్క కొట్టువాణ్ణి అడిగితే, వాళ్ళ పల్లెలో శిలువ పండుగ, దోన్ ఫ్లోరియాన్ అక్కడ బాకా ఊదుతాడు, తాగినదంతా దిగేదాకా రాడు అన్నాడు. ప్లాసిదా ఆ తలుపుకు ఆనుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. పండుగ కోసం పెట్టించుకున్న పన్ను తెచ్చిన బాధ అది. ఆ పన్నును ఇంకో పండుగ కాపాడిందని అప్పుడు మాకేం తెలుసు? పీకేవాళ్ళెవరైనా సరే అంటూ ఆమె వీధి చివరి ఆరోగ్య కేంద్రంలోకి నడిచింది.

అక్కడ డాక్టర్ వాంకా అని ఒకమ్మాయి ఉంది. తెల్లకోటు వేసుకుంది గానీ మాట్లాడితే మా పల్లె ఐమారా భాషే. వాళ్ళమ్మ కూడా మాలాగే పావడాలు కట్టే మనిషేనట. పన్ను పీకమంటే పీకలేదు. ముందు చిన్న ఇనపకడ్డీతో ఒక్కో పన్నూ తట్టింది. బంగారు పన్నునూ తట్టింది.

“ఇక్కడ నొప్పుందా అమ్మా?”

“లేదు.”

“మరి ఎక్కడ?”

ప్లాసిదా వేలు దూరంగా పెట్టి చూపించింది. డాక్టరమ్మ నోట్లోకి చూసి, “అక్కడ పన్నే లేదు కదమ్మా,” అంది.

“అవును డాక్టరమ్మా. లేని పన్నే ఎక్కువ నొప్పెడుతోంది.” అని ప్లాసిదా సిగ్గుపడింది. “పిచ్చిదాన్ననుకుంటారని ఎవరికీ చెప్పలేదు.”

“మీకు పిచ్చి లేదు.” డాక్టరమ్మ దూది పోగు తీసి, చెప్పి మరీ, చెంప మీద ఇలా రాసిందో లేదో ప్లాసిదా కుర్చీలోంచి ఎగిరిపడింది. తర్వాత బొటనవేలితో గట్టిగా నొక్కింది. దానికి అంత బాధ లేదు. “చూశారా? నొక్కితే ఓర్చుకున్నారు, దూదికి ఎగిరిపడ్డారు. తప్పు పంటిది కాదు. నరానిది.”

కిటికీలోంచి చెయ్యి చాపి కరెంటు స్తంభం చూపించింది. మా వీధి స్తంభాల మీద తీగలెలా ఉంటాయో చెప్పక్కర్లేదు. “తీగల మీద తొడుగుంటుంది కదా. అది చీరుకుపోతే ఏమవుతుంది?”

“నిప్పురవ్వలు రాలతాయి,” అన్నాను నేను.

“అంతే. మొహంలో స్పర్శ తెచ్చే తీగొకటి, నొప్పి తెచ్చే తీగొకటి. పన్ను పీకినప్పుడు ఆ నరం గాయపడింది. తొడుగు పోయిన చోట మెత్తటి స్పర్శ కూడా నొప్పి తీగలోకి దూకుతోంది. గాలి తగిలిందని చెప్పాల్సిన నరం, కత్తి దిగిందని తలకి చెబుతోంది. రోజూ ఆ కేకలే విని విని తల కూడా కంగారు మనిషై కూర్చుంది.”

“మరి పుండు మానిపోయిందిగా?” అంది ప్లాసిదా.

“పైన మానింది. గాయమైన చోటికి బాగుచేయడానికని ఒంట్లోంచి జనం పరిగెత్తుకొస్తారు. అదే వాపు. పని అయ్యాక వాళ్ళు పోవాలి. మీ ఇంట్లో పండుగయ్యాక అందరు చుట్టాలూ పోతారా?”

“మా మరిది పోడు,” అంది ప్లాసిదా. “బీరు ఉన్నంతసేపూ కూర్చుంటాడు.”

“ఇక్కడా అదే జరిగింది. సాయానికొచ్చినవాళ్ళు నరం చుట్టూ కూర్చుని దాన్ని గిల్లుతూనే ఉన్నారు. దాని పక్కనున్న మంచి నరాల్ని కూడా గిల్లుతారు. మీరు ఇంకో పన్ను పీకించినప్పుడల్లా ఇంకో గాయం, ఇంకో బండెడు చుట్టాలు.”

ప్లాసిదా నెమ్మదిగా, “అయితే ఇది మాత కోపం కాదా?” అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె ఎన్నాళ్ళుగా మింగుకుని తిరిగిందో ఆ గొంతులోనే తెలిసింది. డాక్టరమ్మ నవ్వలేదు. “కాదమ్మా. పటకారు చేసిన పని,” అంది. ప్లాసిదా భుజాలు దిగడం నేను చూశాను. మందింకా నోట్లో పడనే లేదు, సగం రోగం ఆ మాటకే కుదురుకుంది.

మందు పేరు విని మళ్ళీ బెదిరింది. అది మూర్ఛలకు ఇచ్చే మాత్రట. “నాకు మూర్ఛలేంటి డాక్టరమ్మా?” అంటే, మామూలు నొప్పి మాత్రల మాట నరం వినదనీ, రవ్వలు రాల్చే నరాన్ని ఇదే నెమ్మదింపజేస్తుందనీ చెప్పింది. కొంచెంతో మొదలుపెట్టి పెంచాలి, రక్తపరీక్షలు చేయించాలి, తగ్గింది కదా అని సొంతంగా ఆపేయకూడదు. పెద్దాసుపత్రి పళ్ళ డాక్టరుకు కూడా చూపించింది. లోపల చీమూ గట్రా మిగల్లేదు, బంగారు పన్ను జోలికి పోవద్దన్నారు. “మొత్తం పోతుందా?” అని అడిగితే డాక్టర్ వాంకా అబద్ధమాడలేదు. “చాలామందికి చాలావరకు తగ్గుతుంది. చలిరోజుల్లో కొంచెం గొణగొచ్చు. పండుగనాటికి ఎలా ఉంటుందో నేను మాటివ్వలేను.”

మొదట్లో ఆ మాత్ర ఆమెను తూలించింది. ఒకరోజు జావలో పంచదార రెండుసార్లు వేసింది, ఇంకోరోజు అసలు వేయలేదు. నిలబడే కునుకు తీసేది. వాడుకవాళ్ళు “పొగరుతోపాటు మత్తు కూడా వచ్చిందే” అన్నారు. నేను పూరీ గరిటె చూపించి వాళ్ళ నోళ్ళు మూయించాను. తర్వాత తర్వాత కరెంటు దెబ్బలు దూరమయ్యాయి. ఒక పొద్దున కింద లోయలోంచి మంచుగాలి లేచి నా టోపీని ఎగరగొట్టింది. టోపీ కోసం పరిగెత్తి వచ్చేసరికి ప్లాసిదా ఆ గాలికి ఎదురుగా నిలబడి, మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

“ఏమైందే?”

“ఏమీ కాలేదు,” అంది. మళ్ళీ అంది, “తోమసా, ఏమీ కాలేదే!”

అయినా పండుగ భయం పోలేదు. గాలి వేరు, వందల చెంపలు వేరు. కుడి చెంపే ఇవ్వమని డాక్టరమ్మ చెప్పింది. బాసిలియాకు చెప్పేస్తానని నేనన్నాను. ప్లాసిదా రెండింటికీ ఒప్పుకోలేదు. “నిలబడితే మామూలుగా నిలబడతా. లేకపోతే లేదు.”

జులై వచ్చింది. మా దగ్గర అది చలికాలం, ఎముకలు కొరికే చలి, కళ్ళు చెదిరే ఎండ. పూజ అయ్యాక సెవేరో, ప్లాసిదా మాత పల్లకీ పక్కన నిలబడ్డారు. ఆమె మీద కొత్త శాలువా, తలమీద కొంచెం వాల్చి పెట్టిన గుండ్రటి టోపీ, నోట్లో నక్షత్రం. వరస మొదలైంది. నేను ఆమె వెనకే నిలబడి, కేక పెడితే పట్టుకుందామని చేతులు సిద్ధంగా పెట్టుకున్నాను. మొదటి మనిషి కేబుల్ కారు టికెట్ల ముసలాయన. చెంప ఆనించాడు. ప్లాసిదా వేళ్ళు శాలువా అంచును పిండేశాయి, ఆ తర్వాత వదిలేశాయి. రెండో మనిషి వచ్చింది. ఇంకొకరు వచ్చారు. నేను ఊపిరి పీల్చుకోవడం మర్చిపోయి దగ్గు తెచ్చుకున్నాను.

అప్పుడు వీధి మలుపులో బాకాలు, డ్రమ్ములు మోగాయి. బాసిలియా బ్యాండు. కోపముంటే ఉండొచ్చు, ఇచ్చిన మాట తప్పితే మా దగ్గర తలెత్తుకు తిరగలేం. మేళం ముందు నడిచి వచ్చి, బాసిలియా రెండడుగుల దూరంలో ఆగింది. కాగితం ముక్కలు అక్కడినుంచే విసిరింది. కుడిచెయ్యి ముందుకు చాపింది, కర్ర చాపినట్టు.

“నా వంతు తెచ్చాను. లెక్క సరిపోయింది.”

ప్లాసిదా ఆ చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇద్దరి టోపీలూ ఢీకొన్నాయి. తన ఎడమ చెంపను బాసిలియా చెంపకేసి అదిమి అలాగే ఉండిపోయింది. బ్యాండువాళ్ళు ఊదుతూనే ఉన్నారు.

“ఏంటే, ఇవాళ దిగొచ్చావ్?” అంది బాసిలియా.

“నొప్పి వదినా. పొగరు కాదు. ఈ చెంపకి గాలి తగిలినా ప్రాణం పోయేది. పన్ను పీకినప్పుడు నరం దెబ్బతింది.”

“ఓసి నీ మొహం మండ! నొప్పి అని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేదే? నేను నిన్ను సంతంతా తిట్టి తిట్టి నా గొంతు పోగొట్టుకున్నా!” అని ఆమె భుజం మీద ఒక్కటేసి, భోరుమని ఏడ్చి, మళ్ళీ అదే చెంపకు తన చెంప ఆనించింది. సెవేరో బీరు గ్లాసు అందించాడు. బాసిలియా ఆచారం ప్రకారం ముందు నేలతల్లికి కాస్త వంపి మిగతాది తాగింది.

సాయంత్రం మేళం అటు పోయాక ప్లాసిదా నా పక్కన బల్లమీద కూలబడి, చెప్పులు విప్పి, చలికి వణుకుతూ నవ్వుతోంది. నెత్తిన, మెడలో, శాలువాలో అన్నీ కాగితాలే. ఎడమ చెంప మీద, ముక్కు పక్కన, ఒక పసుపుపచ్చ ముక్క అతుక్కుని గాలికి రెపరెపలాడుతోంది. తీసేద్దామని చెయ్యి చాపి, అలవాటు కొద్దీ మధ్యలో ఆపాను.

“ఏంటే అలా చూస్తావ్?”

“నీ చెంప మీద కాగితం ఊగుతోంది.”

“ఏ చెంప?”

“ఎడమది.”

నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా చెయ్యి పైకెత్తి వేలితో తడుముకుంది, దొరికింది. “ఎప్పట్నుంచి ఉంది ఇది?”

“బాసిలియా చల్లినవి పసుపువి. అప్పట్నుంచే అయ్యుండాలి.”

“నాకు తెలీనే లేదు తోమసా,” అంది. ఆ ముక్కను తీయలేదు. వేలితో ఇంకా గట్టిగా అతికించుకుని, “ఉండనీ,” అంది.